కొత్త ఈక్యూ కొనేముందు: మిక్స్‌లో అసలు తేడా ఎక్కడుంది?

మిక్స్ కుదరనప్పుడు మొదట అనుమానం పడేది డీఏడబ్ల్యూతో (రికార్డింగ్, మిక్సింగ్ చేసే సాఫ్ట్‌వేర్) పాటు వచ్చిన ఈక్యూనే (ఈక్వలైజర్, అంటే ఫ్రీక్వెన్సీలను పెంచి తగ్గించే సాధనం). విడిగా డబ్బు పెట్టి కొన్నది కాదు కాబట్టి నాసిరకమేమో, పేరున్న ప్లగిన్ (డీఏడబ్ల్యూకి జోడించే చిన్న సాఫ్ట్‌వేర్) వేస్తే పాట తేటపడుతుందేమో అనిపిస్తుంది. ఒక్కోసారి అది నిజమే, కానీ చాలాసార్లు కాదు. ఏ లక్షణానికి ఉన్న ఈక్యూ చాలు, దేనికి బయటి ప్లగిన్ నిజంగా అవసరం అన్నది చెవితో, చిన్న పరీక్షలతో తేల్చుకోవచ్చు.

"బయటి ప్లగిన్ వేయగానే బాగుంది, డీఏడబ్ల్యూ ఈక్యూ చప్పగా ఉంది"

ముందు లెవెల్ చూడండి. అర డెసిబెల్, ఒక డెసిబెల్ ఎక్కువ వినిపించినా చెవి దాన్ని "పెద్దది" అనుకోదు, "బాగుంది" అనుకుంటుంది. రెండు ప్లగిన్ల అవుట్‌పుట్ గెయిన్ సమానం చేసి, కళ్లు మూసుకుని మార్చి మార్చి వినండి. తేడా అక్కడే మాయమైతే సమస్య తీరినట్టే.

తేడా ఇంకా ఉందనిపిస్తే నల్ టెస్ట్ చేయండి. ఒకే ఆడియోను రెండు ట్రాకుల మీద పెట్టి, ఒకదానికి డీఏడబ్ల్యూ ఈక్యూ, రెండోదానికి బయటిది వేయండి. రెండింటిలో ఒకే ఒక్క బ్యాండ్‌తో (ఈక్యూలో విడిగా సర్దగల ఒక ఫ్రీక్వెన్సీ భాగం) మొదలుపెట్టండి. ఉదాహరణకు 1 కిలోహెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ పెంచండి. ఒక ట్రాక్ పోలారిటీ తిప్పేసి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి ప్లే చేయండి. రెండూ సరిగ్గా ఒకటే అయితే నిశ్శబ్దం మిగులుతుంది. మొదట ఏదో ఒక శబ్దం మిగులుతుంది, కంగారు పడకండి. ఒక ప్లగిన్‌లో క్యూ విలువను (బ్యాండ్ ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె) కొద్దికొద్దిగా కదుపుతూ ఆ మిగులు ఎక్కడ బాగా తగ్గుతుందో పట్టుకోండి. మామూలు డిజిటల్ ఈక్యూలు రెండు తీసుకుంటే ఆ మిగులు దాదాపు వినబడనంతగా పడిపోతుంది. అంటే మీరు ఇష్టపడింది ప్లగిన్‌ని కాదు, కర్వ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పెరిగిందో, తగ్గిందో చూపే గీత) ఆకారాన్ని. ఆ ఆకారం మీ డీఏడబ్ల్యూలోనూ వస్తుంది.

నల్ కాకపోతే ఏం మిగిలిందో శ్రద్ధగా వినండి. ఈ వ్యాసంలో ముఖ్యమైన మాట ఇదేనని నా నమ్మకం, ఎందుకంటే కొనాలో వద్దో ఆ మిగులే చెబుతుంది. బ్యాండ్‌ని పైకి, 12 కిలోహెర్ట్జ్ దాటించినప్పుడే ఏదో మిగులుతోందంటే కింద చెప్పబోయే క్రాంపింగ్ అన్నమాట. కర్వ్ ఎంత కలిపినా గరగరలాడే శబ్దం అన్నిచోట్లా ఉంటే ఆ ప్లగిన్ హార్మోనిక్స్ (అసలు శబ్దంలో లేని అదనపు స్వరాలు) కలుపుతోంది. అంతా మిగిలిపోతే ఒకటి లీనియర్ ఫేజ్ మోడ్‌లో (తరంగాల సమయక్రమం చెదరకుండా, ఆలస్యంతో పనిచేసే పద్ధతి) ఉందేమో చూడండి.

"పాఠంలో చెప్పిన అంకెలే పెట్టాను, ఆ సౌండ్ రావడం లేదు"

క్యూ అనే అంకెకు అన్ని ప్లగిన్లలో ఒకే అర్థం లేదు. కొన్నింటిలో గెయిన్ పెంచేకొద్దీ బ్యాండ్ తనంతట తానే సన్నబడుతుంది. ఏపీఐ 550 అనే అనలాగ్ ఈక్యూ తరహా వాటికి ఇది పుట్టుకతో వచ్చిన గుణం. లాజిక్ అనే డీఏడబ్ల్యూలోని ఛానెల్ ఈక్యూలో గెయిన్-క్యూ కపుల్ అనే మీట ఉంది, అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చూసుకోకపోతే అదే అంకె వేరే కర్వ్ ఇస్తుంది. అంకెలు వదిలి కర్వ్ వెడల్పు చూసి కలపండి.

గ్రాఫ్ విషయంలోనూ ఇదే చిక్కు. ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ అనే బయటి ఈక్యూలోని అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్) మామూలుగా ఆక్టేవ్‌కు 4.5 డెసిబెల్స్ వాలు కలిపి చూపిస్తుంది. వాలు లేని అనలైజర్‌లో అదే పాట పైభాగం పడిపోయినట్టు కనిపిస్తుంది. పాట మారలేదు, చూపించే పద్ధతి మారింది.

"పైభాగం పెంచితే మెరుపు రాదు, గరుకు వస్తోంది"

44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్ (సెకనుకు తీసే నమూనాల సంఖ్య) ఉన్న సెషన్‌లో డిజిటల్ ఆడియో 22.05 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. సాధారణ ఈక్యూ ఫిల్టర్ లెక్కలో, అనలాగ్‌లో అనంతం దాకా సాగే కర్వ్‌ని ఈ గీత లోపలికి కుదించేస్తారు. కింది ఫ్రీక్వెన్సీల్లో దీని ప్రభావం తెలియదు. 16 కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పుగా పెట్టిన బెల్ (ఆ చుట్టుపక్కల మాత్రమే పెంచే, గంట ఆకారపు కర్వ్) మాత్రం కుడివైపు నలిగిపోయి, మీరు అనుకున్నదానికంటే సన్నగా, మొనదేలి వస్తుంది. క్రాంపింగ్ అంటే ఇదే.

ముందు ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపిల్ రేట్‌తో లెక్కించే మోడ్) ఉందేమో వెతకండి. ఏబుల్టన్ డీఏడబ్ల్యూలోని ఈక్యూ ఎయిట్‌లో ఉంది, చాలామంది దాన్ని గమనించరు. లేకపోతే బెల్ తీసేసి హై షెల్ఫ్‌ను (ఒక ఫ్రీక్వెన్సీకి పైనున్నదంతా పెంచేది) కాస్త కింద, 8 లేదా 10 కిలోహెర్ట్జ్ దగ్గర, తక్కువ గెయిన్‌తో పెట్టి చూడండి. 96 కిలోహెర్ట్జ్‌లో మొదలైన సెషన్ అయితే ఆ గీత 48 దగ్గరికి జరుగుతుంది కాబట్టి ఈ బాధ దాదాపు ఉండదు. ఇవేవీ కుదరక, పైభాగంలో బెల్‌లు తరచూ వాడేవాళ్లయితే క్రాంపింగ్ లేకుండా రాసిన బయటి ఈక్యూకి పెట్టే డబ్బు దండగ కాదు.

"ఒక్క పదం దగ్గరే గొంతు గుచ్చుకుంటోంది. తగ్గిస్తే పాటంతా మసకబారుతోంది"

మామూలు ఈక్యూ కదలదు. 3 కిలోహెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ కోశారంటే, గాయని గట్టిగా అందుకున్న స్వరానికీ, గుసగుసగా పాడిన చరణానికీ అదే కోత. ఇక్కడ కర్వ్ ఎంత నాణ్యమైనదైనా లాభం లేదు, కాలంతో పాటు కదిలే కోత కావాలి.

చోట్లు నాలుగైదే అయితే ఉన్న ఈక్యూలోని ఆ బ్యాండ్ గెయిన్‌కి ఆటోమేషన్ (పాట నడుస్తుండగా విలువను మార్చే గీత) గీయండి. ఓపిక కావాలి గానీ ఇంతకంటే కచ్చితమైన దారి నాకు తెలియదు. "స", "ష" అక్షరాల దగ్గరే బాధైతే డీ-ఎసర్ చాలు. పాట పొడవునా అక్కడక్కడా వస్తుంటే మాత్రం డైనమిక్ ఈక్యూ (ఆ ఫ్రీక్వెన్సీ గట్టిగా వచ్చినప్పుడే తగ్గించేది) వాడండి. క్యూబేస్ ప్రో అనే డీఏడబ్ల్యూలోని ఫ్రీక్వెన్సీ 2 ఈక్యూలో ఇది లోపలే ఉంది. మీ డీఏడబ్ల్యూలో లేకపోతే టీడీఆర్ నోవా అనే ప్లగిన్ ఉచితంగా దొరుకుతుంది. త్రెషోల్డ్‌ను (కోత మొదలయ్యే లెవెల్) బాధపెట్టే పదానికే స్పందించేలా, మిగతా చోట్ల బ్యాండ్ కదలకుండా పెట్టండి. మూడు డెసిబెల్స్ తగ్గితే చాలాసార్లు సరిపోతుంది. బ్యాండ్ ఎప్పుడూ ఊగుతూనే ఉందంటే మీకు కావలసింది మామూలు కోతే.

"ఈక్యూ వేశాక కిక్ పల్చబడింది"

ఒకే డ్రమ్‌కు లోపలొకటి, బయటొకటి మైకులు పెట్టి, ఒక ట్రాక్‌కే నిటారైన హై పాస్ (అడుగు ఫ్రీక్వెన్సీలను కోసే ఫిల్టర్) వేస్తే ఇలా జరుగుతుంది. మామూలు ఫిల్టర్ కటాఫ్ (కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) చుట్టూ ఫేజ్‌ని (తరంగాల సమయక్రమాన్ని) తిప్పుతుంది. రెండు మైకుల అడుగుభాగం ఒకదాన్నొకటి తినేస్తుంది. అసలు ట్రాక్‌తో కలిపి వినిపించే, కంప్రెస్ చేసిన పారలల్ కాపీ మీద ఈక్యూ వేసినా ఇదే కథ.

రెండు ట్రాకులను ఒక బస్సులోకి (ట్రాకులు కలిసే ఛానెల్) పంపి, ఫిల్టర్‌ని బస్సు మీద వేయండి. విడివిడిగానే కావాలంటే స్లోప్‌ని ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ నుంచి 12కో 6కో తగ్గించండి. అప్పటికీ కుదరకపోతేనే లీనియర్ ఫేజ్ ఈక్యూ. లాజిక్‌లో అది వేరే ప్లగిన్‌గా ముందే ఉంది. కానీ దాన్ని అన్నింటి మీదా వేయకండి. కిక్ లాంటి చురుకైన శబ్దం మీద, దెబ్బకు ముందే ఒక చిన్న తోక వినబడుతుంది. దీన్ని ప్రీ-రింగింగ్ అంటారు. అడుగు ఫ్రీక్వెన్సీల్లో నిటారైన ఫిల్టర్‌తో ఇది మరీ ఎక్కువ.

ఆలస్యం కూడా ఉంటుంది. 4,096 శాంపిళ్ల ఆలస్యం అంటే 44.1 కిలోహెర్ట్జ్ సెషన్‌లో దాదాపు 93 మిల్లీసెకన్లు. మిక్స్‌లో దాన్ని డీఏడబ్ల్యూ సరిచేస్తుంది. రికార్డింగ్‌లో హెడ్‌ఫోన్స్‌లో తన గొంతు వెనకబడి వినిపిస్తోందని గాయకుడు అంటే, సెషన్‌లో లీనియర్ ఫేజ్ ఈక్యూలు, ఓవర్‌శాంప్లింగ్ మోడ్‌లు ఆపి చూడండి.

"అనలాగ్ మోడల్ వేస్తే వెచ్చదనం రాలేదు, మురికి వచ్చింది"

ఇలాంటి ప్లగిన్లలో చాలావాటికి లోపలికి వచ్చే లెవెల్ ముఖ్యం. మైనస్ 18 డీబీఎఫ్ఎస్‌ని (డిజిటల్ లెవెల్ కొలత) సున్నా వీయూగా (అనలాగ్ మీటర్‌లో మామూలు స్థాయి) తీసుకుని తయారైనవి ఎక్కువ. సున్నా డీబీఎఫ్ఎస్‌కు దగ్గరగా తగులుతున్న ట్రాక్ పంపితే అవి ఉద్దేశించినదానికంటే ఎక్కువ వక్రీకరిస్తాయి. ముందు ట్రిమ్‌తో (లెవెల్ సర్దే మీట) తగ్గించి, తర్వాత తిరిగి పెంచండి.

కావలసింది ఆ రంగేనా, లేక ఆకారమా అన్నది కూడా తేల్చుకోండి. 1951లో వచ్చిన పల్‌టెక్ ఈక్యూపీ-1 అనే అనలాగ్ ఈక్యూలో ఒకే కింది ఫ్రీక్వెన్సీని పెంచడం, తగ్గించడం ఒకేసారి చేయవచ్చు. రెండు కర్వ్‌లూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోవు కాబట్టి అడుగు నిండుగా, దాని పైన చిన్న పల్లంగా వస్తుంది. లో షెల్ఫ్ పెంచి, 200 నుంచి 300 హెర్ట్జ్ మధ్య వెడల్పాటి కోత పెడితే ఏ ఈక్యూలోనైనా ఆ ఆకారానికి బాగా దగ్గరగా వెళ్లవచ్చు. ట్యూబులు, ట్రాన్స్‌ఫార్మర్లు కలిపే హార్మోనిక్స్ మాత్రం శుభ్రమైన ఈక్యూలో రావు. అవే కావాలంటే మోడల్ కొనండి, లేదా డీఏడబ్ల్యూలోని శాచురేషన్ ప్లగిన్‌ని ఈక్యూ తర్వాత పెట్టి చూడండి.

"పాత ప్రాజెక్ట్ తెరిస్తే ఈక్యూ కనబడటం లేదు"

ఇది నాకే జరిగింది. కంప్యూటర్ మార్చాక ఒక పాట తెరిస్తే పదకొండు ట్రాకుల మీద ఖాళీ పెట్టెలు. ప్లగిన్ పాత ఫార్మాట్‌లో ఉండిపోయింది, కొత్తదానికి ఆ సెట్టింగులు ఎక్కలేదు. గాయకుడితో కూర్చుని చెవితో కుదిర్చిన గొంతు అది, మళ్లీ అలా రాలేదు. వీఎస్‌టీ2 అనే పాత ప్లగిన్ ఫార్మాట్‌కి, దాన్ని తయారుచేసిన స్టైన్‌బర్గ్ 2018 అక్టోబర్‌లో కొత్త లైసెన్సులు ఆపేసింది కాబట్టి పాత ప్రాజెక్టులున్న ఎవరికైనా ఇది రావచ్చు.

అప్పటినుంచి శుభ్రం చేసే కోతలన్నీ, హై పాస్‌లూ డీఏడబ్ల్యూ ఈక్యూలోనే చేస్తున్నాను. డైనమిక్, అనలాగ్ రంగు లాంటి వాటికే బయటివి. మిక్స్ పూర్తయిన రోజునే బయటి ప్లగిన్ ఉన్న ప్రతి ట్రాక్‌నీ ఈక్యూతో ఒకసారి, ఈక్యూ లేకుండా ఒకసారి బౌన్స్ చేసి (ఆడియో ఫైల్‌గా తీసి), ప్లగిన్ పేరు, వెర్షన్, సెట్టింగుల బొమ్మ అదే ఫోల్డర్‌లో ఉంచుతాను. పాటను ఇంకొకరికి పంపేటప్పుడు కూడా అవే వెళ్తాయి.