థర్మోస్టాట్ మార్చాక సూది దిగింది

బెజవాడ ఎండలో కారు వేడెక్కితే అందరూ ముందు రేడియేటర్‌నే అనుమానిస్తారు. నా బండిలో కూలెంట్ నిండుగానే ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఇంజిన్ వేడి చూపే సూది ఎరుపు దాకా వచ్చినా రేడియేటర్‌కి వెళ్లే పై హోస్ మాత్రం గోరువెచ్చగానే ఉంది. అంటే వేడినీళ్లు ఇంజిన్ దాటి రావట్లేదు. ఇంజిన్ కాగాక ఆ దారి తెరవాల్సిన వాల్వ్, థర్మోస్టాట్, మూసుకునే ఉండిపోయిందన్నమాట.

"పీకేసి నడపండి సార్, మన ఎండలకి అదెందుకు?" అన్నాడో మెకానిక్. నాకు నచ్చలేదు. అది లేకపోతే ఇంజిన్ కాగడానికి చాలాసేపు పడుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది.

ఆటోనగర్‌కి పాతది పట్టుకెళ్లి, సైజూ, దాని మీది 82 అంకే (అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి, సెల్సియస్ డిగ్రీల్లో) సరిచూసి కొత్తది తెచ్చాను. రెంటినీ నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాను (ఆ గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదని మా ఆవిడ షరతు). నీళ్లు మరగకముందే కొత్తది తెరుచుకుంది. పాతది తెర్లే నీళ్లలోనూ కదల్లేదు. లోపలి మైనం కరిగి ఉబ్బితేనే వాల్వ్ తెరుచుకుంటుంది.

స్ప్రింగు వైపు ఇంజిన్‌లోకి, గాలి రంధ్రం పైకి పెట్టి, కొత్త రబ్బరు రింగు వేశాను. థర్మోస్టాట్‌ని మూసే హౌసింగ్ అల్యూమినియం కాబట్టి బోల్టులు మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. కూలెంట్‌లో బోరు నీళ్లు కలపొద్దు, లోపల సున్నపు పొర కడుతుంది, డిస్టిల్డ్ వాటరే. చల్లటి ఇంజిన్ మీదే మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి, లోపలి గాలి పోయి బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడిపాను.

తీసిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చస్తాయి. మూత బిగించి దాచండి.