పాత ఏరియల్ రోల్ ఫిల్మును 4×5 (అంగుళాల షీట్లు వాడే) కెమెరాలో వాడటం ఎలా?

విమానాల నుంచి నేలను ఫొటో తీయడానికి తయారుచేసిన 5 అంగుళాల వెడల్పు రోల్ ఫిల్ము, గడువు దాటిన డబ్బాల్లో ఇప్పటికీ దొరుకుతుంది. వంద అడుగుల రోల్ నుంచి దాదాపు 300 షీట్లు వస్తాయి. వాటిని సరిగ్గా కోయడంలోనే అసలు పనితనమంతా ఉంది.

ముందుగా ఒక హెచ్చరిక. రోల్ 1950కి ముందుదై, బంకగా మారి ఘాటు వాసన వేస్తుంటే దాన్ని ముట్టుకోకండి. అది నైట్రేట్ ఫిల్ము కావచ్చు, సులభంగా అంటుకుంటుంది.

1. కొలత. 4×5 అని పిలిచే షీటు నిజానికి 100 × 125.4 మిల్లీమీటర్లు. రోల్ వెడల్పు 127. అంటే రోల్‌ను 100 మిల్లీమీటర్లకు ఒక ముక్కగా కోసి, పొడవు వైపు మరో 1.6 మిల్లీమీటర్లు తీసేయాలి. ఆ కాస్త మిగిలిపోయినా హోల్డర్ (షీటును కెమెరాలో పట్టి ఉంచే చట్రం) అడుగు రెక్క మూసుకోదు, వెలుతురు లోపలికి దూరుతుంది. అడ్డం 100 దాటితే షీటు గాడిలో ఇరుక్కుంటుంది, తగ్గితే జారిపోతుంది.

2. సాధన. ట్రిమ్మర్‌పై (ఫిల్ము కోసే కత్తి బల్లపై) ఈ రెండు కొలతల దగ్గర గట్టి అట్టముక్కలు అతికించండి. చీకట్లో వేళ్లకు ఆ అంచులే దారి చూపుతాయి. రోల్ మొదటి అడుగును వెలుతురులోనే త్యాగం చేసి, కళ్లు మూసుకుని మూడు ముక్కలు కోసి చూడండి. ఇది అనవసరమనిపించినా మానవద్దు. చీకట్లో పాడయ్యే షీట్ల కంటే ఆ అడుగు ఫిల్ము చాలా చవక.

3. కోత. ఈ ఫిల్ము ఎక్కువగా పాంక్రోమాటిక్, అంటే అన్ని రంగుల వెలుతురుకూ స్పందించేది కాబట్టి ఎర్ర దీపం కూడా పనికిరాదు. ఫిల్ము సాధారణంగా ఎమల్షన్ (వెలుతురును పట్టే పూత) వైపుకే వంగుతుంది. నిలువుగా పట్టుకుని, ఎమల్షన్ మీ వైపు ఉండగా కుడి పై మూలను కొద్దిగా కత్తిరిస్తే తరువాత ఎమల్షన్ వైపు ఏదో వెతుక్కోనక్కర్లేదు. షీట్లను పుస్తకాల బరువు కింద కొన్ని రోజులు ఉంచితే వంపు తగ్గుతుంది.

4. ఫొటో తీయడం. ఏరియల్ ఫిల్ము పలుచన, హోల్డర్‌లో ఉబ్బుతుంది. కెమెరాను కిందికి వంచకుండా, లెన్స్ రంధ్రాన్ని చిన్నగా, ఎఫ్ 22 దగ్గర ఉంచి తీయండి. డబ్బాపై ఉన్న ఏరియల్ వేగం సంఖ్య మామూలు ఐఎస్ఓ (ఫిల్ము వేగపు కొలత) కాదు, పైగా వయసుతో ఫిల్ము మందగిస్తుంది. అందుకే ఒక షీటును పరీక్షకు కేటాయించండి. డార్క్ స్లయిడ్ (హోల్డర్‌లో షీటును కప్పే పలక) పూర్తిగా తీసి 1 సెకను ఇవ్వండి, తరువాత పావు వంతు చొప్పున మూస్తూ 1, 2, 4 సెకన్లు ఇవ్వండి. ఒకే షీటుపై 1, 2, 4, 8 సెకన్ల పట్టీలు వస్తాయి.

5. డెవలప్. మంచుపొరను ఛేదించడానికి ఈ ఫిల్మును గాఢమైన కాంట్రాస్టుతో చేశారు. డెవలపర్‌ను బాగా పలుచన చేసి, తక్కువ కదిలించండి.

మిగిలిన రోల్‌ను గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ తీసినప్పుడు డబ్బా గది వేడికి వచ్చాకే మూత తెరవాలి, లేకపోతే ఫిల్ముపై తేమ పడుతుంది.