సొరపాదు దగ్గర ఫలదీకరణ – 3వ పాఠం: పుప్పొడి అంటిన తరువాత

సన్నని పొడవాటి కాడ మీద నిలిచేది మగపువ్వనీ, రేకుల కింద నూగుతో చిన్న పిందె ఉన్నది ఆడపువ్వనీ గత పాఠంలో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. కోస్తాలో ఆనప అని పిలిచే ఈ సొరపాదు మీదనే ఈసారి పుప్పొడిని మన చేత్తో అద్ది, పిందె లోపల ఏమి జరుగుతుందో తెలుసుకుందాం.

సొరపువ్వు సాయంత్రం విచ్చుకుని మరునాటికి వాడిపోతుంది. తేనెటీగలు గూటికి చేరే వేళ అది కాబట్టి, రాత్రి తిరిగే రెక్కల పురుగులు రాని మేడ మీద పిందెలు పసుపుబారి రాలిపోతుంటాయి. ఎరువు చాలలేదనుకొని నేను మొదటి ఏడాది మరింత ఎరువు వేశాను. ఆకులు దట్టంగా వచ్చాయి గాని ఒక్క కాయా నిలవలేదు.

అప్పుడే విచ్చిన మగపువ్వును కాడతో కోసి, రేకులు తుంచివేయండి. నడుమ మెలికలు తిరిగిన కేసరాలను వేలితో తాకితే పసుపు పొడి అంటాలి. ఆడపువ్వు మధ్యలో మూడు తమ్మెలుగా ఉండే కీలాగ్రం మీద, ఏ తమ్మెనూ వదలకుండా, మెల్లగా అద్దండి. తరువాత కాడకు దారం కట్టి తేదీ రాసుకోండి.

ఇంతవరకు జరిగినది పరాగసంపర్కం మాత్రమే. దీనినే ఫలదీకరణ అనుకోవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. కీలాగ్రం మీది తడిని పీల్చి ఉబ్బిన పరాగరేణువు నుంచి సన్నని నాళం మొలిచి, కీలాగ్రం కింది కాడ అయిన కీలం గుండా అండాశయంలోకి, అంటే పిందెలోకి, దిగుతుంది. నాచుమొక్కల్లో, ఫెర్నుల్లో పురుషబీజాలు నీటిలో ఈది వెళ్లాలి. సొరలో ఈదలేని రెండు పురుషబీజాలను ఈ నాళమే మోసుకుపోతుంది. తరువాత గింజగా మారే భాగమైన అండంలోని సహాయకణాలు విడుదల చేసే రసాయన సంకేతాలను అనుసరించి నాళం అండద్వారం గుండా, స్త్రీబీజం ఉండే పిండకోశాన్ని చేరి, ఒక సహాయకణంలో పగిలి, రెండు బీజాలనూ వదులుతుంది.

అసలు ఫలదీకరణ ఇక్కడే. ఒక పురుషబీజం స్త్రీబీజంతో కలిసినప్పుడు 11, 11 క్రోమోజోములు చేరి 22 గల సంయుక్తబీజం ఏర్పడుతుంది. అదే రేపటి మొక్క. రెండవది పిండకోశం నడుమ 22 క్రోమోజోములతో ఉండే ద్వితీయ కేంద్రకంతో కలిసి, 33 క్రోమోజోములతో, పిండానికి ఆహారమిచ్చే అంకురచ్ఛదంగా ఎదుగుతుంది. పుష్పించే మొక్కల ప్రత్యేకతగా చెప్పుకునే ఈ ద్విఫలదీకరణను 1898లో రష్యా శాస్త్రవేత్త సెర్గీ నవాషిన్ లిల్లీ కుటుంబపు మొక్కల్లో కనుగొన్నాడు. సొరలో గింజ ముదిరేసరికి అంకురచ్ఛదం దాదాపు ఖర్చైపోతుంది. పెంకు ఒలిస్తే కనిపించే తెల్లని పప్పు రెండు బీజదళాలే.

ఒక్కో గింజకు ఒక్కో పరాగనాళం కావాలి, కాయలో గింజలు వందల్లో ఉంటాయి. అందుకే పుప్పొడి ధారాళంగా, అన్ని తమ్మెల మీదా పడాలని నేను పట్టుబట్టేది. ఎదిగే గింజలు విడుదల చేసే హార్మోన్లే చుట్టూ ఉన్న కండను పెంచుతాయి. గింజ కట్టని చోట కండ సరిగా ఊరదు.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. పాదు మీద వంకరపోయిన ముదురు కాయ ఉంటే నిలువునా కోసి, సన్నబడిన చోట గింజలనూ, లావెక్కిన చోట గింజలనూ వేరువేరుగా ఒలిచి, ఎన్నింటిలో పప్పు ఉందో, ఎన్ని తాలుగా ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి.