కంపాస్, స్కేలుతో నక్షత్రం–శిలువ నమూనా గీయడం

ఇస్లామిక్ కట్టడాల గోడల మీది అల్లికలు గీయాలనుకున్నవాళ్లు ఎక్కువమంది నేరుగా నక్షత్రంతోనే మొదలుపెడతారు. పక్కన రెండోది గీసేసరికి మొనలు కలవవు. ముందు గీయాల్సింది గళ్లు. 13వ శతాబ్దపు ఇరాన్‌లో, ముఖ్యంగా కాషాన్‌లో తయారైన నక్షత్రం–శిలువ పలకల అమరిక దీనికి మంచి పాఠం.

24 సెం.మీ. చతురస్రం గీయండి. నాలుగు అంచుల మీదా 8 సెం.మీ.కి ఒక గుర్తు పెట్టి, ఎదురెదురు గుర్తులు కలిపితే 9 గళ్లు వస్తాయి. ఒక్కో గడినీ విడిగా కొలుస్తూ పోతే గడికి అర మిల్లీమీటరు తప్పు మూడో గడికి ఒకటిన్నర అవుతుంది.

ప్రతి గడిలో కర్ణాలు, మధ్యరేఖలు సన్నగా గీసి, అవి కలిసేచోట కంపాస్ ముల్లు పెట్టి 4 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. అది గడి భుజాలను నాలుగుచోట్ల తాకుతుంది, కర్ణాలను నాలుగుచోట్ల ఖండిస్తుంది. తాకిన బిందువులు కలిపితే ఏటవాలు చతురస్రం, ఖండించిన బిందువులు కలిపితే నిలువు చతురస్రం. ఒకదానిమీదొకటి పడిన ఈ రెండూ కలిసే ఎనిమిది మొనల నక్షత్రం. రెండింటి భుజాలూ సుమారు 5.66 సెం.మీ. ఉండాలి; తేడా వస్తే కంపాస్ కాలు జారినట్టే.

ఇంకు పెట్టేముందు ఒక పరీక్ష. పక్కపక్క నక్షత్రాల మొనలు తాకేచోట స్కేలు ఆనించండి. ఒకదాని అంచు వంగకుండా రెండోదాని అంచులోకి సాగాలి. సాగకపోతే వృత్తం గడికి సరిపడలేదు, దిద్దకుండా ముందుకెళ్లొద్దు.

ఇప్పుడు నక్షత్రం బయటి గీతకే ఇంకు. ఒక్కోటి సుమారు 1.66 సెం.మీ. చొప్పున 16 అంచులు. మిగతావన్నీ చెరిపేయండి. నాలుగు గళ్లు కలిసేచోట మొనదేలిన శిలువ తనంతట తానే తేలుతుంది. దానికీ అదే పొడవున్న 16 అంచులే ఉంటాయి, అందుకే రెండు పలకలూ సందు లేకుండా కుదురుతాయి. లావు పెన్ను వాడితే మొనల దగ్గర ఇంకు ముద్దకడుతుంది, 0.3 మి.మీ. చాలు.

అంచున సగం శిలువలు మిగులుతాయి. వాటిని పూర్తిచేయొద్దు. నమూనా చట్రం బయటికీ సాగుతున్నట్టు కనిపించాలంటే అది తెగిపోయే ఉండాలి.

రంగుల్లో, నక్షత్రాలకు లతలు, ఆకులు. శిలువలకు ఒట్టి నీలిపచ్చ. రెండింటినీ నింపితే కంటికి నిలవడానికి చోటుండదు.