ఫిఫ్త్ వీల్ వారంటీ: రిపేరు రాబట్టుకోవడం ఎలా

మా ఇంట్లో పని పంపకం స్పష్టంగా ఉంటుంది. ట్రక్కు నడపడం, ట్రైలర్ తగిలించడం, మురుగు గొట్టం సంగతి చూడడం మావారి వంతు. కాగితాలు, ఫోన్లు, తగవులు నా వంతు. రాజమండ్రిలో మా నాన్నగారు ఏ ఆఫీసుకు వెళ్లి వచ్చినా రసీదు వెనుక తేదీ, మాట్లాడిన గుమాస్తా పేరు రాసి పెట్టేవారు. డాలస్ దగ్గర ఆర్‌వీ (చక్రాల మీది ఇల్లు) సర్వీస్ సెంటర్లతో వ్యవహారం మొదలయ్యాక నాకు అక్కరకొచ్చింది ఆ అలవాటే. ఫిఫ్త్ వీల్, అంటే ట్రక్కుకు తగిలించి లాగే ఇల్లు లాంటి ట్రైలర్, కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు అడిగినప్పుడల్లా ఫోనులో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి. "ఏడాది వారంటీ ఉందండీ, అన్నీ వాళ్లే చూసుకుంటారు" అనేది అమ్మేవాడి మాట. ఫిఫ్త్ వీల్‌కు ఒకే వారంటీ ఉండదు, వారంటీల మూట ఉంటుంది. బండి మీద పేరున్న కంపెనీ, చాలావరకు ఇండియానాలోని ఎల్‌కార్ట్, గోషెన్ చుట్టుపక్కలదే అయి ఉంటుంది, గోడలు నిలబెట్టి, వస్తువులన్నీ బిగించి పంపుతుంది. కింద ఇనుప చట్రం, స్లైడ్లను (బండి ఆగాక పక్కకు జరిపి చోటు పెంచుకునే గది భాగాలను) లోపలికీ బయటికీ నడిపే యంత్రాంగం, నిలబెట్టే జాకీలు చాలా బళ్లలో లిప్పర్ట్ అనే కంపెనీవి. ఫ్రిజ్, ఏసీ డొమెటిక్‌వో ఫ్యూరియన్‌వో అవుతాయి. లోపల వెచ్చబెట్టే ఫర్నేస్ సబర్బన్ వాళ్లది కావచ్చు. టైర్ల బాధ్యత టైర్ల కంపెనీది. ఒక్కొక్కరి గడువు ఒక్కో తీరు. బండి కంపెనీ ఏడాదో రెండేళ్లో ఇస్తుంది, చట్రం, గోడలు, కప్పు వంటి వాటికి మూడేళ్లు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఏదైనా చెడిపోయినప్పుడు మొదటి ప్రశ్న "ఎలా బాగు చేస్తారు?" కాదు, "ఇది ఎవరి వస్తువు?"

అందుకే బండి చేతికొచ్చిన రోజునే ఫోను పట్టుకుని ప్రతి వస్తువు మీద ఉన్న సీరియల్ నంబరు చీటీని ఫొటో తీయండి. ఫర్నేస్ చీటీ బయటి మూత వెనుక, ఏసీది లోపలి జల్లెడ తీస్తే పైన, నీళ్ల హీటరుది బయటి తలుపు లోపల ఉంటుంది. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాల వెంట వచ్చే సంఖ్యలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. కొత్త బండికి పాత టైర్లు వేసి ఉంటే అప్పుడే అడగాలి. తర్వాత ఒక్కో కంపెనీ దగ్గర విడివిడిగా రిజిస్టర్ చేయండి. డీలర్ చేస్తానంటాడు. చేయనివ్వండి, మీరు కూడా చేయండి.

అదే రోజు రాత్రి వారంటీ పుస్తకం చదవండి. అందులో కొన్ని వాక్యాలు బంగారం లాంటి బండిని కూడా అనాథను చేస్తాయి. ట్రైలర్‌లోనే కాపురం ఉంటే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు రాస్తాయి. ఉద్యోగం ఇంటి నుంచే కదా, ఇల్లు అద్దెకిచ్చి ఏడాది తిరుగుదాం అనుకునేవాళ్లు ఈ వాక్యం చూసుకోకపోతే కష్టం. పుస్తకం ఒప్పుకోకపోతే, "ఇందులోనే ఉంటున్నాం" అని సర్వీస్ కౌంటర్లో సరదాగా అన్న మాట కూడా రికార్డులో ఎక్కుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు బండిని ఇతరులకు అద్దెకిచ్చినా అంతే. దావా వేయాల్సి వస్తే ఇండియానా కోర్టులోనే వేయాలనీ, ఫలానా గడువులోపే వేయాలనీ కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. బండి రిపేరు షెడ్డులో పడి ఉన్నన్ని రోజులు వారంటీ గడువు పెరగదని కూడా కొందరు రాస్తారు.

తీసుకునేటప్పుడు

డెలివరీ రోజు తొందరపెడతారు. తొందరపడకండి. నీలం రంగు పెయింటర్ టేపు చుట్ట ఒకటి వెంట తీసుకెళ్లి, లోపం కనిపించిన చోటల్లా చిన్న ముక్క అంటించండి. స్లైడ్లన్నీ తెరిపించి మూయించండి, నీళ్లు పెట్టించి సింకుల కింద చేయి పెట్టి తడి చూడండి, గ్యాసు పొయ్యి, ఫర్నేస్, ఏసీ అన్నీ నడిపించండి. ముందు భాగంలో కింగ్‌పిన్ (ట్రక్కుకు తగిలించే ఇనుప కడ్డీ) ఉండే పెట్టె దగ్గర వెల్డింగ్ గీతలు, దాని పైన ముఖభాగం గోడకు కలిసే అతుకు టార్చితో చూడండి. అక్కడ పగులుగానీ, పక్కకు జరిగినట్టు సందుగానీ ఉంటే చట్రం వంగుతోందన్న అనుమానం పెట్టుకోవాలి. దాన్ని సీలెంట్ పూసి కప్పేయనివ్వకండి. మిగిలిపోయిన పనులన్నీ డీలర్ బాకీగా కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాకే మీరు సంతకం పెట్టండి. డబ్బు చేతులు మారాక మాటలు నీటిమూటలే.

ఫిర్యాదు రాయడం

వారంటీలో సగం గెలుపు ఫిర్యాదు రాసే తీరులోనే ఉంది. మీరు చెప్పింది సర్వీస్ గుమస్తా వర్క్ ఆర్డర్ మీద ఎక్కిస్తాడు. టెక్నీషియన్ మీతో మాట్లాడడు, ఆ కాగితంతో మాట్లాడతాడు. "నీళ్లు కారుతున్నాయి" అని రాస్తే అతను ఎండలో బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి "సమస్య కనిపించలేదు" అని రాసి పంపిస్తాడు. ఆ రెండు మాటలు తర్వాత మీ మెడకు చుట్టుకుంటాయి.

మా పెద్ద స్లైడ్ సంగతి చెబుతాను. వాన వెలిశాక సోఫా వెనుక మూలలో వినైల్ మీద టీ మరక లాంటి రంగు తేలింది. బొటనవేలితో నొక్కితే నేల కొంచెం లోపలికి దిగింది. కౌంటర్లో అబ్బాయి "స్లైడ్ లీక్" అని టైప్ చేసి నా వైపు చూసి నవ్వాడు. నేను చెరిపించి ఇలా రాయించాను: "డ్రైవరు వైపు పెద్ద స్లైడ్. వెనుక కింది మూల. గాలితో వాన పడినప్పుడే, స్లైడ్ బయట ఉన్నప్పుడే తడి. నేల మెత్తబడింది, కింది పలక తేమ కొలవాలి. పై సీలు, పక్క సీలు, మూల అతుకు మూడూ పరీక్షించాలి. వీడియో జత చేశాం." కుడి, ఎడమ అని రాయకండి. నిలబడే చోటును బట్టి అవి మారిపోతాయి. తలుపు వైపు, డ్రైవరు వైపు అంటే ఎవరికైనా ఒకటే అర్థం.

వీడియోలో లోపం ఒక్కటే కాదు, పరిస్థితి కూడా కనిపించాలి. ఫర్నేస్ రాత్రి బ్యాటరీ మీద ఆగిపోతుంటే, బ్యాటరీ వోల్టేజీ చూపే తెర, ఫర్నేస్ శబ్దం ఒకే వీడియోలో పడాలి. ఏసీ విషయంలో ఇంకొక చిన్న పరీక్ష ఉంది. లోపలికి గాలి పీల్చే చోట, చల్లగాలి వదిలే చోట వంటింటి థర్మామీటరు పెట్టి చూడండి. రెంటికీ మధ్య సుమారు 16 నుంచి 22 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా ఉంటే టెక్నీషియన్ దృష్టిలో ఏసీ బాగున్నట్టే. టెక్సాస్ ఆగస్టులో గది చల్లబడకపోవడం అప్పుడు వారంటీ సమస్య కాదు, బండి గోడల మందం సమస్య. అంత దూరం ఈడ్చుకెళ్లి ఆ మాట వినడం కంటే ఇంట్లోనే తెలుసుకోవడం మేలు.

షెడ్డులో పెట్టేముందు, తీసుకునేటప్పుడు

ఇంత ఆలస్యం ఎందుకో తెలిస్తే కోపం కొంత తగ్గుతుంది. వారంటీ పనికి డీలర్‌కు డబ్బిచ్చేది తయారీ కంపెనీ. ఏ పనికి ఎన్ని గంటలో కంపెనీయే నిర్ణయిస్తుంది. ఫొటోలు పంపి అనుమతి తెచ్చుకోవాలి, తర్వాత విడిభాగం రావాలి. సొంత డబ్బుతో వచ్చే ఖాతాదారు ఉండగా వారంటీ పని మీద ఎవరికీ మోజుండదు. మీ ఫొటోలు, సీరియల్ నంబర్లు ముందే ఈమెయిల్ చేస్తే అనుమతి త్వరగా వస్తుంది. విడిభాగం చేతికి వచ్చేదాకా బండిని మీ దగ్గరే ఉంచుకుంటామని అడగండి. వాడుకోవడానికి ప్రమాదం లేని లోపమైతే చాలామంది ఒప్పుకుంటారు. వసంతంలో అందరూ ఒకేసారి బళ్లు బయటికి తీస్తారు కాబట్టి పెద్ద పనులను చలికాలానికి పెట్టుకోండి. కానీ గడువు లోపల ఫిర్యాదు ఈమెయిల్లో నమోదు చేశాకే.

అమ్మిన డీలర్ తప్ప గతి లేదనుకోకండి. అదే బ్రాండుకు అధికారమున్న వేరే డీలర్ చేయవచ్చు, కాకపోతే తన ఖాతాదార్ల తర్వాతే మిమ్మల్ని చూస్తాడు. ఇంటి దగ్గరికి వచ్చి చేసే మొబైల్ టెక్నీషియన్లు నాకు ఎక్కువ నచ్చుతారు. శిక్షణ పొందినవారా అని అడగండి. వాళ్లను పిలిచే ముందు కంపెనీకి ఫోన్ చేసి అనుమతి సంఖ్య తీసుకోవాలి. లేకపోతే బిల్లు మీదే.

బండి అప్పగించేటప్పుడు నాలుగు పక్కలా, కప్పు మీదా ఫొటోలు తీసుకోండి. బీమా ఆపకండి. ఫ్రిజ్ పూర్తిగా ఖాళీ చేయండి. అక్కడ కరెంటు తీసేస్తారు, ఎవరూ చూడరు. ఆవకాయకు ఏమీ కాదుగానీ మిగిలిన ఇడ్లీ పిండి సంగతి నేను వర్ణించను.

తిరిగి తీసుకునే రోజు నీటి గొట్టం అడగండి. స్లైడ్ బయటికి తీయించి, వేగం లేని మామూలు ధారతో కింది నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి తడపాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు ఎక్కడ దూరాయో తెలియదు. ఒకరు బయట, ఒకరు లోపల టార్చితో ఉండాలి. మా స్లైడ్‌కు పై సీలు మార్చామని కాగితం ఇచ్చారు. నీళ్లు పోస్తే పక్క సీలు కింది కొస నుంచి చుక్క చుక్కగా లోపలికి వచ్చింది. అక్కడే అదే వర్క్ ఆర్డర్ తిరిగి తెరిపించాం. బయటికి తెచ్చాక చెబితే అది కొత్త ఫిర్యాదు, కొత్త వరుస. సున్నా డాలర్ల బిల్లయినా బండి షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ కాగితం తీసుకోండి. ఫిర్యాదు, కారణం, చేసిన పని, లోపలికి వచ్చిన తేదీ, బయటికి వెళ్లిన తేదీ అన్నీ ఉండాలి.

మీ వైపు తప్పు పట్టనివ్వకండి

నిరాకరణకు కంపెనీ మొదట వెతికేది మీ నిర్వహణలో లోపం. కప్పు మీద అతుకుల సీలెంటును మూడు నెలలకోసారి చూడాలని చాలా పుస్తకాల్లో ఉంటుంది. చూసిన ప్రతిసారీ ఫొటో తీసి తేదీతో దాచండి. చక్రాల నట్లు మొదట్లో 10, 25, 50 మైళ్ల దగ్గర టార్క్ రెంచితో బిగించి రాసుకోండి. క్యాంపులో నీళ్ల కుళాయికి ప్రెషర్ రెగ్యులేటర్ లేకుండా గొట్టం తగిలించకండి. లోడు వేశాక హైవే ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేలు మీద ఒకసారి తూయించి చీటీ ఉంచుకోండి. బియ్యం బస్తాలు, గ్రైండరు, నీళ్ల కేసులు కలిస్తే మనవాళ్ల బండి అనుకున్నదాని కంటే బరువవుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పటిలాంటి చలికి పైపులు పగిలితే అది వారంటీ కిందికి రాదు. టైరు పేలి పక్క గోడ, వైర్లు చీరేస్తే అదీ సాధారణంగా బీమా వ్యవహారమే.

అయితే భయపెట్టడానికి చెప్పే మాటలన్నీ నిజం కావు. "బయట రిపేరు చేయించారు కాబట్టి వారంటీ పోయింది" అంటే 1975 నాటి మాగ్నుసన్ మాస్ వారంటీ చట్టం గుర్తు చేయండి. తమ బ్రాండు విడిభాగమో తమ సర్వీసో వాడలేదన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయడానికి ఆ సమాఖ్య చట్టం ఒప్పుకోదు. బయట చేసిన పని వల్లే లోపం వచ్చిందని తేలితే అది వేరే సంగతి. భద్రతకు సంబంధించిన రీకాల్ అయితే వారంటీ ముగిసినా ఉచితమే. 17 అక్షరాలు, అంకెలు కలిసిన విన్ (బండి గుర్తింపు) నంబరుతో జాతీయ రహదారి భద్రతా సంస్థ, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో అప్పుడప్పుడు చూసుకోండి.

డీలర్ చేతులెత్తేస్తే తయారీ కంపెనీకి ఈమెయిల్, దాంతోపాటు రసీదు వచ్చే రిజిస్టర్డ్ ఉత్తరం పంపండి. ఆవేశం వద్దు, తేదీల పట్టిక చాలు. పదేపదే చెడిపోయే కొత్త బండి కొన్నవాళ్లను కాపాడే లెమన్ చట్టం రాష్ట్రానికో తీరుగా ఉంటుంది, లాగే ట్రైలర్లను అసలు కలపని రాష్ట్రాలున్నాయి. టెక్సాస్‌లో మోటారు వాహనాల శాఖ లాగే ఆర్‌వీల ఫిర్యాదులు కూడా తీసుకుంటుంది. దానికి గడువుంది, కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలిపి ఉండాలి. అప్పు వాయిదాలు మాత్రం కోపంతో ఆపకండి. బ్యాంకుకూ మీ స్లైడ్‌కూ సంబంధం లేదు.

చివరగా, కొనే రోజు లోపలి గదిలో కూర్చోబెట్టి అమ్మే పొడిగింపు వారంటీ. అది చాలాసార్లు తయారీ కంపెనీది కాదు, మరో సంస్థతో సేవా ఒప్పందం. ఒప్పందం నమూనా అడిగి, ఏవి కవర్ కావో ఆ పేజీ ముందు చదవండి. సీళ్లు, నీటి నష్టం అందులో కనిపిస్తే మీకు మిగిలేది తక్కువ. మొబైల్ టెక్నీషియన్‌కు డబ్బిస్తారా, ప్రతి రిపేరుకూ మీరు ఎంత పెట్టుకోవాలి, రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుంది అన్నవి రాతలో ఉండాలి. "ఈ రోజు సంతకం పెడితేనే ఈ ధర" అన్నారంటే నమూనా కాగితం తీసుకుని ఇంటికి వచ్చేయండి. రెండు రోజుల్లో వాళ్లే ఫోన్ చేస్తారు, ధర కూడా తగ్గించే చెబుతారు.