పీహెచ్‌పీలో ఒక తక్‌పట్టీని మారిస్తే ఇంకొకటి మారకుండా ఎలా చూసుకోవాలి?

మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లుకు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాసి ఇచ్చాను. పగలంతా కాంటా దగ్గర నమోదైన లెక్కలు తీసుకుని, సాయంత్రం రైతులకు ఇచ్చే తూకం రసీదులైన తక్‌పట్టీలను ఒకేసారి అచ్చువేయడం దాని పని. ఒకరోజు ఒక రైతు రెండు ట్రాక్టర్ల వడ్లు తెచ్చాడు. మొదటిది 60 బస్తాలు, రెండోది 45. రైతు పేరు, ఊరు, ధర ఎలాగూ అవే కదా అని, మొదటి పట్టీనే ఇంకో వేరియబుల్‌లోకి తీసుకుని బస్తాల సంఖ్య మాత్రం మార్చేలా రాశాను. అచ్చయిన రెండు పట్టీల్లోనూ 45 బస్తాలే ఉన్నాయి. బస్తాకు 40 కిలోల చొప్పున ఆరు క్వింటాళ్ల ధాన్యం కాగితం మీద మాయమైంది. ఆయన లెక్క గుర్తుపెట్టుకుని అడిగాడు. అడగని వాళ్ల సంగతి తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తప్పంతా ఈ రెండు వరుసల్లో ఉంది:

$రెండో = $మొదటి;
$రెండో->బస్తాలు = 45;

పీహెచ్‌పీలో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టినా నడుస్తాయి కాబట్టి వీటిని ఇలాగే వాడుకోవచ్చు. కింద క్లోన్, ఫంక్షన్ వంటి భాష సొంత మాటలు వచ్చినచోట మాత్రం వాటిని ఆంగ్ల అక్షరాల్లో కొట్టాలి.

ముందు, వేరియబుల్‌లో ఏముందో తెలుసుకోండి

పాసుపుస్తకం జిరాక్సు తీసి ఇస్తే, దాని మీద ఎవరు ఏం రాసినా మన పుస్తకానికి ఏమీ కాదు. సంఖ్యలు, అక్షరాల వరుసలు, అర్రేలు (విలువల జాబితాలు) ఇలా నకలుగా వెళ్తాయి. ఇది విలువను పంపడం.

ఒక పట్టీ వివరాలన్నీ కలిపి పెట్టుకునే మూట లాంటి ఆబ్జెక్టు అలా కాదు. వేరియబుల్‌లో ఉండేది పొలం కాదు, సర్వే నంబరు రాసిన చీటీ. నా చీటీ చూసి మీరొక చీటీ రాసుకున్నారనుకోండి. చీటీలు రెండు, పొలం ఒక్కటే. మీరు అక్కడ బోరు వేస్తే నా పొలంలో బోరు పడ్డట్టే. నా రెండో పట్టీకి జరిగింది ఇదే.

2004లో వచ్చిన పీహెచ్‌పీ 5 నుంచి పద్ధతి ఇది. అంతకుముందు 4లో ఆబ్జెక్టు మొత్తం నకలయ్యేది. అందుకే పాత పాఠాల్లో ఆబ్జెక్టు కనిపించిన ప్రతిచోటా & గుర్తు ఉంటుంది. వాటిని చూసి నేర్చుకుంటే తికమక తప్పదు.

అనుమానం వస్తే మూడు సమాన గుర్తులతో పోల్చి చూడండి. $మొదటి === $రెండో నిజమైతే రెండూ ఒకే ఆబ్జెక్టు. రెండు గుర్తులతో పోలిస్తే లోపలి వివరాలు సమానమా అన్నది మాత్రమే తెలుస్తుంది. ఇక్కడ అది చాలదు.

ఫంక్షన్‌కు పంపేటప్పుడు

తేమ చూసే ఫంక్షన్ ఒకటి ఉందనుకుందాం. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు కాబట్టి అది అవసరమే. దానికి $పట్టీని పంపాం. లోపల ఎవరో

$పట్టీ->బస్తాలు = 58;

అని రాస్తే బయట ఉన్న అసలు పట్టీలోనూ 58 అవుతుంది. అదే ఫంక్షన్‌లో $పట్టీకి సరికొత్త ఆబ్జెక్టును కేటాయిస్తే బయట ఏ మార్పూ ఉండదు. తన చీటీ మీది నంబరు కొట్టేసి వేరే నంబరు రాసుకుంది, అంతే. నా చీటీ నా దగ్గర భద్రంగా ఉంది. ఆబ్జెక్టులు రెఫరెన్సుగా (అంటే అసలు వేరియబులే) వెళ్తాయని ఒక్క మాటలో చెప్పేస్తే ఈ తేడా మరుగున పడుతుంది.

నా చీటీ మీదే కొట్టివేసి రాసే హక్కు ఇవ్వాలంటే & కావాలి. ఫంక్షన్ రాసేచోట, కుండలీకరణాల్లో &$పట్టీ అని పెట్టాలి. పిలిచేచోట పెడితే పీహెచ్‌పీ 5.4 నుంచి ప్రోగ్రామే నడవదు. వేగం కోసం & పెట్టకండి: అర్రేను పంపినా, ఎవరైనా దాన్ని మార్చేదాకా పీహెచ్‌పీ నిజంగా నకలు తీయదు.

నా మటుకు నియమం ఒకటే. చూడడానికి రాసిన ఫంక్షన్ చూడాలి, తూకం ముట్టుకోకూడదు. తరుగు తీయాల్సి వస్తే వేరే ఫంక్షన్, దానికి ఆ పేరే.

విడి నకలు కావాలంటే

$రెండో = క్లోన్ $మొదటి;

ఇప్పుడు 45 రాస్తే మొదటి పట్టీలో 60 అలాగే ఉంటుంది. అయితే క్లోన్ పైపొరను మాత్రమే నకలు తీస్తుంది. పట్టీ లోపల రైతు ఒక ఆబ్జెక్టు, తూకం ఒక ఆబ్జెక్టు అయితే, కొత్త పట్టీలో పడేది వాటి చీటీలే. లోతుగా నకలు కావాలంటే, క్లాసులో (ఆబ్జెక్టుకు నమూనా రాసేచోట) క్లోన్ పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టి ఒక మెథడ్ (క్లాసు లోపలి ఫంక్షన్) రాసి, అందులో లోపలి ఆబ్జెక్టును మళ్లీ క్లోన్ చేయాలి.

అన్నీ క్లోన్ చేయడమూ తప్పే. రైతు ఫోను నంబరు ఒకచోట సరిదిద్దితే ఆయన పట్టీలన్నింటిలో సరికావాలి. కాబట్టి రైతు ఉమ్మడిగానే ఉండాలి. తూకం ఏ ట్రాక్టరుది ఆ ట్రాక్టరుదే, అది విడిపోవాలి. దేన్ని విడదీయాలో భాష చెప్పదు, కాంటా దగ్గర నిలబడి చూస్తేనే తెలుస్తుంది. అర్రే నకలవుతుంది కదా అని పట్టీల అర్రేను నమ్ముకోకండి: నకలయ్యేది చీటీల కట్ట, లోపలి పట్టీలు పాతవే.

ఫర్‌ఈచ్‌లో & వాడితే

ఫర్‌ఈచ్ అంటే అర్రేలోని విలువలను ఒక్కొక్కటిగా తీసే చుట్టు. ఇది చాలామందిని ముంచుతుంది. అర్రేలో 60, 45, 52 ఉన్నాయి. &$బస్తాలు అంటూ ఒక చుట్టు తిరిగారు. చుట్టు పూర్తయ్యాక కూడా $బస్తాలు చివరి గడిని పట్టుకునే ఉంటుంది. తర్వాత అదే పేరుతో, & లేకుండా, ఇంకో చుట్టు తిరిగితే ఒక్కో విలువా వెళ్లి ఆ చివరి గడిలో పడుతుంది. ముందు 60, తర్వాత 45. మూడో గడికి వచ్చేసరికి అక్కడున్నది 45. ఫలితం 60, 45, 45. మొదటి చుట్టు అవగానే అన్‌సెట్‌తో ఆ పేరును వదిలించండి.

కాంటా అయ్యాక తాళం వేయండి

2021లో వచ్చిన పీహెచ్‌పీ 8.1లో, విలువను మార్చనివ్వని తాళంగా, రీడ్‌ఓన్లీ ఉంది. తూకం క్లాసులో బస్తాల సంఖ్యకు అది పెడితే, ఒకసారి నమోదయ్యాక మార్చబోయిన చోటే ప్రోగ్రామ్ ఆగి తప్పు చూపిస్తుంది. తాళం పట్టీలోని తూకం ఆబ్జెక్టుకు మాత్రమే వేసి ఊరుకుంటే చీటీకే తాళం పడుతుంది, పొలానికి కాదు. లోపలి సంఖ్యకే వేయాలి.

దిద్దుబాటు అయ్యాక, ఒకే రైతు రెండు ట్రాక్టర్లు తెచ్చిన రోజులన్నీ వెతికాం. గుమాస్తా చేత్తో రాసిన కాంటా పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కో పట్టీని సరిచూసి, తేడా వచ్చినవి మళ్లీ అచ్చువేసి రైతులకు అందించాం.