వారంటీ తీరిన కారుకు పెద్ద రిపేరు వచ్చినప్పుడు

వారంటీ ఉన్నంతకాలం కారులో ఏ భాగం చెడింది, దాన్ని బాగుచేయాలా మార్చాలా అన్నది సర్వీస్ సెంటర్, తయారీ కంపెనీ తమలో తాము తేల్చుకునే విషయం. గడువు తీరిన మరుసటి రోజు నుంచి ఆ నిర్ణయం యజమానిదే, బిల్లూ యజమానిదే. అయినా చాలామంది లోపమేమిటో తేలకముందే రేటు దగ్గర బేరం మొదలుపెడతారు. లోపాన్ని కనిపెట్టడం ఒక పని, దాన్ని సరిచేయడం వేరొక పని. మొదటి పనికి విడిగా రుసుము చెల్లించడానికి సిద్ధపడినవారికి రెండో పనిలో ఖర్చు తగ్గే అవకాశం ఎక్కువ. ఉచితంగా చెక్ చేస్తామనే చోట ఆ ఖర్చు తరచుగా రిపేరు బిల్లులోకి వచ్చి చేరుతుంది.

అన్నింటికంటే ముందు, బండిని ఇంకా నడపవచ్చా లేదా అన్నది చూడాలి. ఇంజిన్ వేడిని చూపే ముల్లు ఎర్రగీత దాటినా, ఆయిల్ ప్రెషర్ ఎర్రదీపం వెలిగినా, చెక్ ఇంజిన్ దీపం మిణుకుమిణుకుమంటున్నా బండిని వీలైనంత త్వరగా సురక్షితమైన చోట ఆపి, అక్కడి నుంచి లాగించుకుని వెళ్లాలి. పగిలిన రేడియేటర్ గొట్టం చిన్న ఖర్చే కానీ, కూలెంట్ లేకుండా నడిపితే అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోయి, హెడ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య సీలుగా ఉండే హెడ్ గాస్కెట్ దెబ్బతిని, ఇంజిన్ విప్పవలసి వస్తుంది. గోటితో పోయేది గొడ్డలిదాకా రావడమంటే ఇదే. ఆయిల్ ఒత్తిడి లేకుండా నడిచిన ఇంజిన్‌లో బేరింగులు అరిగిపోవడానికి నిమిషాలు చాలు. మిణుకుమనే చెక్ ఇంజిన్ దీపానికి అర్థం, ఏదో సిలిండర్‌లో ఇంధనం సరిగా మండటం లేదని. ఆ మండని పెట్రోలు, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి, లోపలి తేనెపట్టు లాంటి దిమ్మెను కరిగిస్తుంది. దానిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలు ఉంటాయి కాబట్టి, స్పార్క్ ప్లగ్‌కు కరెంటు అందించే ఒక ఇగ్నిషన్ కాయిల్‌తో పోవలసిన ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. అదే దీపం మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతూ, బండి నడకలో తేడా ఏమీ లేకపోతే, నెమ్మదిగా గ్యారేజి వరకు వెళ్లవచ్చు.

తరువాత, వారంటీ నిజంగా పూర్తిగా తీరిపోయిందా అన్నది కాగితాలు తీసి చూడాలి. బండి మొత్తానికి ఇచ్చే వారంటీ ఒకటైతే, తుప్పుకు, ఉద్గారాలను అదుపుచేసే భాగాలకు, హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారు ప్రధాన బ్యాటరీకి వేర్వేరు గడువులు ఉండవచ్చు, అవి తరచు ఎక్కువ కాలం నడుస్తాయి. మునుపటి రిపేరులో మార్చిన భాగానికి దాని సొంత వారంటీ మిగిలి ఉండవచ్చు. భద్రతకు సంబంధించిన లోపాన్ని సరిచేయడానికి కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచే రీకాల్‌కు మామూలు వారంటీతో ముడి ఉండదు. బండి మీద ఉండే 17 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్యను కంపెనీకి ఇస్తే, రీకాల్ పని ఏదైనా మిగిలి ఉందో లేదో చెబుతారు. గడువు తీరి కొద్ది వారాలే అయి ఉంటే, సర్వీసులన్నీ సమయానికి చేయించిన రికార్డు జతచేసి కంపెనీకి మర్యాదగా ఒక ఉత్తరం రాయడం మంచిది. ఖర్చంతా భరించమని పట్టుబట్టడం కన్నా, విడిభాగం ధర వారు భరించి పని కూలి మనం ఇచ్చేలా అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. గడువులోపలే ఇదే ఫిర్యాదు చేసి ఉండి, అది అప్పటి జాబ్ కార్డులో నమోదై ఉంటే, మీ వాదనకు అంతకన్నా గట్టి ఆధారం ఉండదు.

ఇక నిర్ధారణ సంగతి. కారు కంప్యూటర్‌కు తగిలించే స్కానర్ చూపే కోడ్ లోపం పేరు కాదు, లోపం ఎటువైపు ఉందో చెప్పే సూచన మాత్రమే. ఉదాహరణకు పి0420 అనే కోడ్, క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గినట్టు కంప్యూటర్‌కు తోచిందని చెబుతుంది. ఎగ్జాస్ట్ పైపులో లీకు ఉన్నా, ఆక్సిజన్ సెన్సర్ పాడైనా అదే కోడ్ రావచ్చు. ఇంధనంతో పోలిస్తే గాలి ఎక్కువగా వెళుతోందని చెప్పే పి0171 కోడ్ వస్తే సెన్సర్లు మార్చాలని ఎవరైనా అంటే, ముందుగా గాలి గొట్టాలలో పగులు ఉందేమో చూశారా అని అడగాలి. అసలు ప్రతిసారీ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ భాగమే చెడిందని ఏ పరీక్షలో తేలింది? హెడ్ గాస్కెట్ అయితే కూలెంట్ ప్రెషర్ పరీక్ష, ఇంజిన్ అరుగుదల అయితే కంప్రెషన్ పరీక్ష చేసి, అంకెలు చూపించగలగాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ పోయిందన్నప్పుడు, పూర్తి ఛార్జిలో ఉన్న బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉండగా సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుండగా చాలా కార్లలో 13.8 నుంచి 14.5 వోల్టులు చూపాలని గుర్తుంచుకుంటే, మాట సరిచూసుకోవడానికి ఒక చిన్న మల్టీమీటర్ చాలు. బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తుప్పు వల్ల అనవసరంగా మారిన ఆల్టర్నేటర్లు తక్కువేమీ కావు.

ఖర్చు పెద్దదైతే రెండో మెకానిక్‌కు కూడా చూపించాలి. అయితే మొదటివారు ఏం చెప్పారో ఆయనకు చెప్పకూడదు, చెబితే ఆయన కూడా అటే చూస్తారు. లక్షణాలు మాత్రమే చెప్పాలి: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా, ఏ వేగంలో, బ్రేకు వేసినప్పుడా, మలుపు తిప్పినప్పుడా అన్న వివరాలు ఇస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి పెట్టుకోవడం ఇంకా మేలు, ఎందుకంటే మెకానిక్ ముందు నిలబడగానే ఆ శబ్దం మాయమవడం అందరికీ అనుభవమే.

ఎస్టిమేట్ రాతపూర్వకంగా, విడిభాగాల ధర, పని కూలి, పన్ను విడివిడిగా ఉండేలా తీసుకోవాలి. అందులోని మొత్తం దాటే పని ఏదైనా ఫోను చేసి అడిగాకే మొదలుపెట్టాలనీ, తీసేసిన పాత భాగాలు చూపించాలనీ పని మొదలుకాకముందే చెప్పాలి. ఆ తరువాత అడగవలసింది, మొత్తం యూనిట్ మార్చడం తప్ప వేరే దారి లేదా అని. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఒక సొలనాయిడ్ (ఆయిల్ దారిని తెరిచి మూసే చిన్న విద్యుత్ వాల్వు) మొరాయించినంత మాత్రాన గేర్‌బాక్సే మార్చడం, ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకోవడం లాంటిది. ఆల్టర్నేటర్‌లో బ్రష్‌లు, రెగ్యులేటర్ మార్చి సరిపెట్టవచ్చు. ఇంజిన్ కంప్యూటర్ బోర్డును బాగుచేసే నిపుణులూ ఉంటారు. సర్వీస్ సెంటర్లు సాధారణంగా యూనిట్ మార్చడానికే మొగ్గుతాయి, త్వరగా అయిపోతుంది, హామీ ఇవ్వడం తేలిక. వారంటీ లేనప్పుడు ఒకే పనిలో ఆరితేరిన స్వతంత్ర నిపుణుడి దగ్గరకు వెళ్లడమే లాభమని నా అభిప్రాయం.

విడిభాగాల్లో కూడా ఎంపిక ఉంటుంది. కారు కంపెనీ పెట్టెలో వచ్చే భాగాన్ని చాలాసార్లు వేరొక సంస్థ తయారుచేస్తుంది, ఆ సంస్థ సొంత పేరుతో అమ్మే అదే భాగం చవకగా దొరుకుతుంది. అద్దాలు, లైట్లు, సీట్లు, డోర్ల వంటివి సెకండ్‌హ్యాండ్ అయినా ఇబ్బంది లేదు. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగులు, టైమింగ్ బెల్ట్ విషయంలో మాత్రం చవక చూసుకోకూడదు. వాల్వులను పిస్టన్ల కదలికతో జతకలిపి నడిపే ఈ టైమింగ్ బెల్ట్ తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. దాన్ని మార్చేటప్పుడే దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌నూ, ఆ బెల్ట్‌తోనే తిరిగేదైతే వాటర్ పంప్‌నూ మార్చడం, క్లచ్ ప్లేటు మార్చేటప్పుడు రిలీజ్ బేరింగ్ కూడా వేయించడం దుబారా కాదు. వాటి కోసం మళ్లీ అదంతా విప్పితే, కూలి రెండోసారి కట్టవలసింది మీరే.

ఇంత ఖర్చు పెట్టడం కన్నా కారు అమ్మేయడం మేలా అన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. బిల్లును కారు మార్కెట్ విలువతో పోల్చి చూడటం అలవాటుగా జరిగేదే కానీ, అది తప్పుదారి పట్టిస్తుంది. చెడిపోయి ఉన్న స్థితిలో కారు ఎంత పలుకుతుంది, బాగుచేశాక ఎంత పలుకుతుంది, దాని స్థానంలో కొనే బండికి ఏడాదికి ఎంత అవుతుంది అన్న మూడు అంకెలు పక్కపక్కన వేసుకోవాలి. ఇప్పటివరకు దాని మీద పెట్టిన డబ్బును ఈ లెక్కలోకి రానివ్వకూడదు. ఛాసిస్‌ను తుప్పు తినేసిన కారుకు ఇంజిన్ పని చేయించడం నా దృష్టిలో వృథా. బాడీ గట్టిగా ఉండి, గత సర్వీసుల చరిత్ర బాగున్న కారుకు ఒక పెద్ద రిపేరు తరచుగా గిట్టుబాటే అవుతుంది. రిపేరు వచ్చాక ఎక్స్‌టెండెడ్ వారంటీ కొని గట్టెక్కుదామనుకుంటే ఫలితం ఉండదు, అప్పటికే ఉన్న లోపాలను అవి సాధారణంగా మినహాయిస్తాయి.

పని పూర్తయ్యాక, లోపం ఏ పరిస్థితిలో బయటపడిందో అదే పరిస్థితిలో మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూడాలి. చేసిన పనికి ఎన్ని నెలలు లేదా ఎన్ని కిలోమీటర్ల హామీ ఉందో బిల్లు మీదే రాయించుకోవాలి. చెక్ ఇంజిన్ దీపం ఆరిపోవడాన్ని చూసి నిశ్చింతగా ఉండకూడదు. కోడ్ చెరిపేస్తే దీపం ఎలాగూ ఆరుతుంది, కారు కంప్యూటర్ తన స్వీయపరీక్షలన్నీ మళ్లీ పూర్తిచేసుకోవడానికి కొన్ని రోజుల ప్రయాణాలు పడుతుంది. ఆ తరువాత మరొకసారి స్కానర్ పెట్టించి, పరీక్షలన్నీ పూర్తయినట్టు, కోడ్ తిరిగి రానట్టు చూసుకోవాలి.